తల దెబ్బ తగిలిన మాజీ సైనికుడికి వీఆర్ థెరపీ: హెడ్‌సెట్ కొనాలా, చెన్నై వెళ్లాలా?

సింగరాయకొండ దగ్గర నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. "మావారు ఆర్మీలో హవల్దారుగా చేశారు. కొండదారిలో బండి దొర్లి తలకు దెబ్బ తగిలింది. పద్నాలుగు నెలలైంది. నడుస్తారు, బాగానే మాట్లాడతారు. కానీ తల తిప్పితే కళ్లు తిరుగుతాయంటారు. బజారుకు పంపితే అయోమయపడి ఖాళీ సంచితో తిరిగొస్తారు. చిన్న మాటకే కోపం. చెన్నైలో ఒక సెంటర్ వాళ్లు వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే హెడ్‌సెట్‌లోనో పెద్ద తెర మీదో నిజంలా కనిపించే దృశ్యాల మధ్య సాధన) థెరపీ 30 సెషన్లు కావాలన్నారు, సెషన్‌కు 1,500 రూపాయలు, ముందే కట్టాలట. మా మరిది ఆ డబ్బుతో హెడ్‌సెట్టే కొనేద్దాం, అమెరికా సైనికులకు ఇలాగే నయం చేస్తున్నారని వీడియోలు చూపిస్తున్నాడు. ఈ సీజన్‌కి పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే ఎత్తైన కొట్టం) పని మొదలుపెడతానని ఆయన పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. హెడ్‌సెట్ ఇప్పుడు కొనకండి. 45 వేలు ఒకేసారి కట్టకండి. బ్యారన్ మాత్రం అసలు ఎక్కనివ్వకండి. వీఆర్ పనికిరాదని నేను అనడం లేదు, కొందరికి అది బాగా పనిచేయడం నా కళ్లతో చూశాను. మీవారికి ఏ పనికి ఉపయోగపడుతుందో తేల్చుకోకుండా మొదలుపెడితే డబ్బూ పోతుంది, ఆయనకు దాని మీద నమ్మకమూ పోతుంది.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బు, గాయం తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే పని నాది. మాది కావలి. చెన్నైలో పదకొండేళ్లు తల గాయాల వాళ్లతో పనిచేసి, ఎనిమిదేళ్లుగా నెల్లూరులో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. చెన్నైలో ఉన్నప్పుడు వీఆర్ గది తాళాలు నా దగ్గరే ఉండేవి. ఇప్పుడు నా క్లినిక్‌లో వీఆర్ లేదు. కాబట్టి దాన్ని అమ్ముకునే అవసరం నాకు లేదు. లేదు కదా అని తిట్టుకునే అవసరమూ లేదు.

మీ మరిది చూపించిన వీడియోల సంగతి ముందు. అమెరికాలో సైనికులకు వాడే వీఆర్‌లో పూర్తిగా వేరైన రెండు రకాలున్నాయి. యూట్యూబ్‌లో రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ఒకటి, యుద్ధంలో చూసిన భయంకర దృశ్యాలు వెంటాడేవాళ్లకు, అంటే పీటీఎస్‌డీ ఉన్నవాళ్లకు చేసేది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కిప్ రిజ్జో అనే సైకాలజిస్ట్ బృందం తయారుచేసిన 'బ్రేవ్‌మైండ్' ఆ కోవది. ఇరాక్, అఫ్గానిస్థాన్ వీధులు, కాన్వాయ్, పేలుడు శబ్దాలు అన్నీ చూపిస్తారు. పక్కన శిక్షణ పొందిన సైకాలజిస్ట్ కూర్చుని, రోగి తన అనుభవం చెబుతుంటే దానికి తగ్గట్టు దృశ్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుతారు. అది మనసు గాయానికి చేసే వైద్యం. మెదడు గాయానికి కాదు. దాన్ని చూసి ఇంట్లో మీవారికి ఏదో వార్ గేమ్ పెట్టేశారనుకోండి, కోపం తగ్గకపోగా ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. దయచేసి ఆ జోలికి వెళ్లకండి.

రెండో రకం మీకు సంబంధించింది. 'కేరెన్' అనే యంత్రం ఉంది, నెదర్లాండ్స్‌కు చెందిన మోటెక్ కంపెనీది. ఎటుపడితే అటు వంగే, కదిలే వేదిక, దాని మీద ట్రెడ్‌మిల్, ఎదురుగా గుండ్రంగా తిరిగిన పెద్ద తెర. మనిషికి పైనుంచి బెల్టులు కట్టి ఉంటాయి కాబట్టి పడడు. తెర మీద పడవ నడపాలి, దారిలో నడవాలి, నడుస్తూనే అంకెలు చెప్పాలి. తల గాయాల సైనికుల కోసం అమెరికాలోని బెథెస్డాలో 2010లో మొదలైన నేషనల్ ఇంట్రెపిడ్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో ఇలాంటిది ఉంది. దీని ముందు, ఆన్‌లైన్లో దొరికే హెడ్‌సెట్ ఎడ్లబండి లాంటిది. రెంటినీ వీఆర్ అనే అంటారు, అదే చిక్కు.

ఇంకో మాట. 2000 సంవత్సరం నుంచి అమెరికా సైన్యంలో నమోదైన తల గాయాలు 5 లక్షల పైనే. వాటిలో ఎక్కువ భాగం 'మైల్డ్' రకం. చాలావరకు యుద్ధభూమిలో తగిలినవి కూడా కావు, శిక్షణలో, బండి ప్రమాదాల్లో తగిలినవే. 'యుద్ధంలో తగిలిన దెబ్బ కాదుగా, బండి ప్రమాదమేగా' అని చుట్టాలు ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ ముక్క చెప్పండి. మీవారిది ఏ రకమో తెలియాలంటే డిశ్చార్జ్ సమ్మరీలో జీసీఎస్ (దెబ్బ తగిలాక స్పృహ ఎంత ఉందో చెప్పే కొలత) అని, పక్కన ఒక అంకె ఉంటుంది చూడండి. 13 నుంచి 15 అయితే మైల్డ్, 9 నుంచి 12 మధ్యస్థం, 8 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తీవ్రం. ఎన్ని రోజులు స్పృహ లేదు, ప్రమాదం తర్వాత ఎన్ని రోజుల సంగతులు ఆయనకు గుర్తులేవు అన్నవి కూడా రాసి పెట్టుకోండి. ఏ డాక్టరైనా ముందు అడిగేవి ఇవే.

ఇప్పుడు కళ్లు తిరగడం గురించి. మనం తల తిప్పినప్పుడు లోపలి చెవి ఆ కదలికను మెదడుకు చెబుతుంది, మెదడు కళ్లను అదే వేగంతో ఎదురు దిక్కుకు తిప్పుతుంది. అందుకే నడుస్తున్నా ఎదురుగా ఉన్న బోర్డు చదవగలుగుతాం. తల దెబ్బ తర్వాత ఈ లంకె సడలుతుంది. మెదడు దాన్ని మళ్లీ నేర్చుకోవాలంటే కొంచెం కొంచెంగా ఇబ్బంది పెట్టాలి, అదే వ్యాయామం. వీఆర్‌లో ఆ ఇబ్బందిని చిటికెడు చొప్పున పెంచుకోవచ్చు: మొదట కదలని గది, తర్వాత మెల్లగా కదిలే మనుషులు, తర్వాత ట్రాఫిక్. నెల్లూరు ట్రంకు రోడ్డుని 'కాస్త ఆగమ్మా, ఈయనకు కళ్లు తిరుగుతున్నాయి' అంటే ఆగదు కదా. ఈ ఒక్క గుణం కోసమే నేను వీఆర్‌ని ఇష్టపడతాను.

అదే గుణం ఎదురు తిరగడమూ ఉంది. హెడ్‌సెట్‌లో కళ్లు కదులుతున్నామని చెబుతాయి, చెవి లేదంటుంది. మామూలు వాళ్లకే వికారం వస్తుంది. పైగా హెడ్‌సెట్ తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉన్నట్టు కళ్లు చూపును నిలుపుకోవాలి, కానీ బొమ్మ దగ్గరికొచ్చినట్టు కనబడితే రెండు కళ్లూ ముక్కువైపు తిరగాలి. ఈ రెండు పనులూ మామూలుగా జతగా జరుగుతాయి, హెడ్‌సెట్‌లో విడిపోతాయి. తల దెబ్బ తగిలిన చాలామందికి కళ్లు లోపలికి తిప్పే శక్తే తగ్గి ఉంటుంది. పేపర్ చదువుతుంటే అక్షరాలు రెండుగా కనబడుతున్నాయా, పది నిమిషాలకే నుదురు నొప్పి వస్తుందా అని మీవారిని అడగండి. అవునంటే వీఆర్ కన్నా ముందు కళ్ల డాక్టరు.

నా తప్పు ఒకటి చెబుతాను. చెన్నైలో తొలి ఏడాది, ఒక మాజీ జవానుకు మొదటి రోజే ఇరవై నిమిషాలు పెట్టాను. బాగుందా అంటే 'ఠీక్ హై సాబ్', మళ్లీ అడిగితే 'ఠీక్ హై సాబ్'. హెడ్‌సెట్ తీసేసరికి చొక్కా తడిసిపోయింది, తర్వాత గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మూడు వారాలు ఆ గది వైపే రాలేదు. ఫౌజీలతో వచ్చే చిక్కు ఇదే. బాధ చెప్పడం వాళ్లకు నామోషీ. దేన్నయినా టెస్టులా తీసుకుంటారు, స్కోరు కోసం పళ్లు బిగబట్టి చేస్తారు. అప్పటి నుంచి నేను నోటి మాట నమ్మను. మొహం పాలిపోవడం, చెమట, ఆవులింతలు, మాట తగ్గిపోవడం చూస్తాను. ఆవులింత అంటే నిద్ర అనుకుంటారు గానీ వికారానికి అదే మొదటి గుర్తు కావచ్చు. మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. మొదలుపెట్టే ముందు తలనొప్పి, కళ్లు తిరగడం పదికి ఎంత ఉన్నాయో అడిగి రాసుకోవాలి, రెండు పెరిగితే ఆపేయాలి. అరగంటలో మళ్లీ మొదటి అంకెకు రాకపోతే మరుసటి రోజు డోసు తగ్గించాలి.

బజారు సంగతి వేరే కథ. ఖాళీ సంచితో రావడం మతిమరుపు మాత్రమే కాదు. 1991లో లండన్‌లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు తల గాయమైన ముగ్గురు రోగులను దుకాణాల వీధిలోకి పంపి చిన్న చిన్న పనులు చెప్పారు: ఫలానాది కొనాలి, ఫలానా సమయానికి ఫలానా చోట ఉండాలి, కొన్ని నియమాలు తప్పకూడదు. గదిలో తెలివితేటల పరీక్షల్లో బాగానే మార్కులు తెచ్చుకున్నవాళ్లు వీధిలో తడబడ్డారు. ఏది ముందు, ఏది తర్వాత, మధ్యలో ఆటంకం వస్తే మళ్లీ ఎక్కడ అందుకోవాలి అని నడిపించే మేస్త్రీ మెదడు ముందుభాగంలో ఉంటాడు. మీవారికి ఆ మేస్త్రీ సెలవులో ఉన్నాడు. కూలీలు అందరూ వచ్చారు, పని మాత్రం సాగడం లేదు. కోపానికీ చాలావరకు ఇదే మూలం. ఒకేసారి మూడు మాటలు చెవిన పడితే దారి మూసుకుపోతుంది, బయటికి కోపంగా వస్తుంది.

దీనికి వీఆర్ సూపర్ మార్కెట్లు వచ్చాయి. చెన్నైలో మా దగ్గరా ఒకటి ఉండేది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన, ఆర్మీలో నాయక్ ర్యాంకులో చేసిన ఒకాయన పది సెషన్లలో దాన్ని కొట్టి పారేశాడు. ఎనిమిది సరుకులు, తప్పులు సున్నా. నేను మురిసిపోయి రిపోర్టు రాశాను. నెల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసి, నెల్లూరు సంతపేటలో అంగడి ముందు పావుగంట నిలబడి తిరిగొచ్చేశారండీ అంది. అప్పుడు గాని నాకు వెలగలేదు. ఆ ప్రోగ్రాంలో ట్రాలీ తోసుకుంటూ వరుసల మధ్య తిరిగి, నింపాదిగా బొమ్మ చూసి వస్తువు తీసుకుంటారు. ఎవరూ మాట్లాడరు. మన అంగడిలో సరుకు మన చేతికి అందదు, పేరు నోటితో చెప్పాలి. చెప్పబోతుంటే వెనక నుంచి ఒకాయన 'అరకిలో చక్కెర' అని అరుస్తాడు. అంగడాయన 'ఇంకేం కావాలి, ఇంకేం కావాలి' అని తొందరపెడతాడు. కందిపప్పు ఏ రకం అని ఎదురు ప్రశ్న. మధ్యలో చిల్లర లెక్క. ఆ మనిషి జీవితంలో ట్రాలీ తోసిందే లేదు. మేం ఆయనకు లేని బజారులో నెగ్గడం నేర్పాం.

లోకంలో ఈ రంగంలో ఉన్నవాళ్లందరినీ వేధించే ప్రశ్న ఇదే. తెర మీద నేర్చింది వీధిలోకి వస్తుందా? దానంతట అది వచ్చేది తక్కువ. పక్షవాతం వచ్చినవాళ్ల మీద వీఆర్ ప్రయోగాలు చాలా జరిగాయి. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2017లో అలాంటివి 72 ప్రయోగాలు, 2,470 మంది ఫలితాలు కలిపి చూసింది. మామూలు థెరపీ తీసేసి దాని బదులు వీఆర్ పెడితే చేతి కదలికలో అదనపు మేలు కనబడలేదు. మామూలు థెరపీకి తోడుగా ఇచ్చి మొత్తం సాధన సమయం పెంచినప్పుడు కొంత మేలు కనబడింది. తల గాయాల మీద జరిగినవి అంతకన్నా చిన్న ప్రయోగాలు, ఒక్కొక్కరిది ఒక్కో పరికరం. కాబట్టి 'వీఆర్‌తో 90 శాతం నయం' అని ఎవరైనా బ్రోషర్ ఇస్తే దాంతో వేరుశనక్కాయలు పొట్లం కట్టుకోవచ్చు.

ఆ నాయక్‌ని తర్వాత ఎలా దారికి తెచ్చామో చెబుతాను, ఎందుకంటే మీరు చేయాల్సిందీ అదే. నేను నెల్లూరు వచ్చేశాక ఆయన నా దగ్గరికే వచ్చాడు. తెలిసిన అంగడాయనతో మాట్లాడాను. మొదటి వారం మధ్యాహ్నం రెండింటికి, జనం లేనప్పుడు, రెండే సరుకులు, చీటీ చూసి చెప్పాలి. తర్వాత నాలుగు సరుకులు. ఆ తర్వాత అంగడాయన కావాలనే ఒక ప్రశ్న అడ్డం వేస్తాడు. తర్వాత సాయంత్రం ఆరింటికి. తడబడితే ఆయన చెప్పాల్సిన మాట ముందే బట్టీ పట్టించాం: 'ఒక్క నిమిషం ఉండన్నా, చీటీ చూసుకుంటా'. ఈ ఒక్క వాక్యం పది సెషన్ల కన్నా ఎక్కువ పనిచేసింది. దాదాపు రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ పండగ ముందు రోజు మాత్రం ఆయన్ని ఎవరూ బజారుకు పంపరు.

మీ ఇంట్లో హెడ్‌సెట్ లేకుండా చేయగలిగేది ఇంకోటి ఉంది. మీ మరిదికి ఈ పని అప్పగించండి, ఆ ఉత్సాహం వృథా పోకుండా. ఇంటి నుంచి సింగరాయకొండ స్టేషన్ దాకా, బజారు దాకా నడుస్తూ ఫోన్‌ని కంటి ఎత్తున పట్టుకుని వీడియో తీయమనండి, ఊగకుండా. దాన్ని ఇంట్లో టీవీలో పెట్టి, మీవారు కుర్చీలో కూర్చుని చూస్తూ 'ఇక్కడ ఆగాలి, కుడివైపు లారీ, ఇప్పుడు దాటొచ్చు' అని పైకి చెబుతూ ఉండాలి. పది నిమిషాలు చాలు. మధ్యలో ఆపి, 'మనం ఎందుకు బయల్దేరాం?' అని అడగండి. కళ్లు తిరిగితే వీడియో ఆపేసి నేల వైపు చూడమనండి. మరుసటి రోజు అదే దారిలో మీరు పక్కన ఉండి నడవాలి. ఇది పేదవాడి వీఆర్. కానీ ఇందులో ఆయన ఊరు ఉంది, ఆయన దారి ఉంది.

చెన్నై సెంటర్ మంచిదే కావచ్చు. వెళ్లి అడగండి. పక్కన ఎవరు కూర్చుంటారు, ఫిజియోనో ఆక్యుపేషనల్ థెరపిస్టో ఉంటారా, లేక కంప్యూటర్ అబ్బాయి ఉంటాడా? మొదటి రోజు బ్యాలెన్స్, జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి అంకెలు మీ చేతికి ఇస్తారా? ఈ ముప్పై సెషన్ల తర్వాత మావారు ఇంట్లో ఏ పని చేయగలగాలి, ఒక్క పని పేరు చెప్పండి అని అడగండి. ఈ ప్రశ్నకు 'బ్రెయిన్ యాక్టివేట్ అవుతుందమ్మా' అన్నారంటే లేచి వచ్చేయండి. సరిగ్గా చెప్పారంటే ఆరు సెషన్లకు మాత్రం కట్టి, ఏడోసారి అంకెలు చూసి ముందుకు వెళ్లండి. ప్రయాణం కూడా లెక్కలో వేసుకోండి. రైల్లో అంత దూరం వెళ్లొచ్చేసరికి తల దెబ్బ మనిషికి ఆ రోజు బలమంతా అయిపోతుంది, థెరపీకి మిగిలేది కొసరు. అక్కడే ఎవరింట్లోనైనా రెండు వారాలు ఉండి చేయించుకోవడం మేలు.

అంతకు ముందు న్యూరో డాక్టరుతో నాలుగు విషయాలు తేల్చుకోవాలి. ప్రమాదం తర్వాత ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? తీవ్రమైన తల గాయం తర్వాత ఏడాది దాటాక కూడా మొదటి ఫిట్ రావచ్చు, మెరిసే వెలుగులు కొందరికి దాన్ని రేపుతాయి. మామూలు జనంలోనే 4,000 మందిలో ఒకరికి ఇలాంటి ఇబ్బంది రావచ్చని హెడ్‌సెట్ కంపెనీలే హెచ్చరికల్లో రాస్తాయి. పుర్రె ఎముక తీసిన ఆపరేషన్ జరిగిందా? జరిగితే పట్టీ ఆ చోట నొక్కకూడదు. తలలో నీరు దింపే షంట్ పెట్టారా? కొన్ని షంట్ల వాల్వును బయట నుంచి అయస్కాంతంతో సెట్ చేస్తారు, హెడ్‌సెట్ స్పీకర్లలోనూ అయస్కాంతాలుంటాయి. మెడ ఎక్స్‌రే బాగుందా? ఇవి తేలకుండా మీ మరిది స్నేహితుడి హెడ్‌సెట్ తెచ్చి 'ఒక్కసారి పెట్టుకో అన్నా' అనకుండా చూసుకోండి.

ఖర్చు విషయం. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే ముందు ఒంగోలు పాలీక్లినిక్‌కి వెళ్లి న్యూరో రిహాబ్‌కి రెఫరల్ అడగండి. ఎమర్జెన్సీ కాకుండా రెఫరల్ లేకుండా వెళ్లి తర్వాత బిల్లులు పెడితే డబ్బులు వస్తాయనుకోకండి. ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలంటే వేలూరు సీఎంసీ రిహాబ్ విభాగం ఉంది, 1966 నుంచి నడుస్తోంది. బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా. అక్కడ రాసిచ్చిన ప్లాన్‌ని ఒంగోలులో మంచి ఫిజియోతో నడిపించవచ్చు.

ఇక బ్యారన్. ఆయన పట్టు నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి యూనిఫాంలో ఉన్న మనిషి ఇంట్లో కూర్చుంటే, అందరూ చీకటితో లేచి ఆకు కొట్టడానికి పోతుంటే, ఎలా ఉంటుంది? కానీ బ్యారన్ లోపల అడ్డకర్రల మీద కాళ్లు పెట్టి, చీకట్లో, తల పైకెత్తి ఆకు కర్రలు అందుకోవడమంటే ఆయనకు చేతకాని మూడు పనులూ ఒకేసారి. పైకి చూడగానే కళ్లు తిరిగాయంటే కింద నేలే. ఈసారి తల గాయం మొదటిదానిలా ఉండదు. ఈ సంవత్సరం వద్దు, అంతే. మీ మాట వినకపోతే, 'గాయంతో మెడికల్ కేటగిరీ తగ్గిన జవానుని మీరు డ్యూటీకి పంపేవాళ్లా?' అని నేను అడిగానని చెప్పండి.

బదులుగా గ్రేడింగ్ దగ్గర కూర్చోబెట్టండి. బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అని ఆకు రంగు చూసి వేరు చేయడం కన్నా మంచి శ్రద్ధ వ్యాయామం నా క్లినిక్‌లో లేదు. మొదట రెండే రకాలు ఇవ్వండి, ఇరవై నిమిషాలు, రేడియో ఆపేసి. పక్కన ఒక్కరే కూర్చోవాలి, కబుర్లు వద్దు. వారం తర్వాత మూడు రకాలు. ఆకు దుమ్ముకు తలనొప్పి వస్తే మూతికి గుడ్డ కట్టి గాలి తగిలే చోటుకు మార్చండి. ఆయన వేరు చేసిన దాంట్లో ఎన్ని తప్పులున్నాయో మీ మామగారి చేత లెక్కపెట్టించి రోజూ తేదీ వేసి రాయండి, కానీ ఆ లెక్క ఆయన ముందు చదవకండి. నాలుగు వారాల కాగితం, డిశ్చార్జ్ సమ్మరీలో జీసీఎస్ అంకె, ఫిట్స్ సంగతి, ఈ మూడూ ఇక్కడే రాయండి. చెన్నై వెళ్లాలో వద్దో అప్పుడు చెబుతాను.